ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునా?

శుక్రవారం మధ్యాహ్నం. మ్యాట్నీ వదిలారు. గేటు తెరుచుకోవడమే ఆలస్యం, జనం బిలబిలమంటూ బయటికొచ్చేశారు. చేతిలో చిన్న నోట్‌బుక్కు పట్టుకుని నేను సోడా బండి పక్కన కాపు వేశాను.

"సినిమా ఎలా ఉందండీ?"

ఇదీ నా ప్రశ్న. ఒకాయన "ఫర్వాలేదు, ఒకసారి చూడొచ్చు" అన్నాడు. ఇంకొకాయన "డబ్బులు దండగ" అన్నాడు. మూడో ఆయన నోరు విప్పకుండా నా వైపు తిరిగి ఓ దండం పెట్టి బండెక్కి వెళ్లిపోయాడు. దాన్ని కూడా 'బాగాలేదు' పద్దులోనే రాసుకున్నాను! అలా ఇరవైమందిని పట్టుకున్నాను. ఏడుగురు బాగుందన్నారు. పదముగ్గురు బాగాలేదన్నారు. గదికొచ్చి లెక్క కట్టాను. ఇరవైలో పదమూడు... అంటే 65 శాతం. మర్నాడు ఓ పత్రికలో నా పేరుతో వార్త వచ్చింది. శీర్షిక: "65 శాతం ప్రేక్షకుల పెదవి విరుపు!"

శీర్షిక బ్రహ్మాండంగా పేలింది. ఎవరి నెత్తిన పేలిందన్నది మాత్రం నాకు సోమవారం దాకా తెలీలేదు.

గాంధీనగర్ నుంచి ఫోను

విజయవాడ గాంధీనగర్ అంటే డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకు పెట్టింది పేరు. అక్కడ ముప్ఫయ్యేళ్లుగా సినిమాలు కొంటూ, లాభనష్టాలు రెండూ చూసిన పెద్దాయన ఒకరు నాకు ఫోన్ చేశారు. ఆ చిన్న చిత్రాన్ని కృష్ణా జిల్లాకు కొన్నది ఆయనే. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"బాబూ, మీరు రాసింది చదివాను. ఒక్క సంగతి అడుగుదామని. ఎంతమందిని అడిగారు?"

"ఇరవైమందినండీ."

"ఎన్ని హాళ్లల్లో?"

"ఒక్క హాల్లోనేనండీ... మ్యాట్నీకి."

"మన బొమ్మ జిల్లాలో పధ్నాలుగు హాళ్లల్లో పడింది బాబూ. రోజుకి నాలుగాటలు."

నేనూ తక్కువ తిన్నవాణ్ణి కాదుగా! "అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండెడు అన్నం తినక్కర్లేదు కదండీ. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?" అన్నాను.

అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "చాలు బాబూ. కాకపోతే మా ఇంట్లో గరిటె పెట్టి కలిపి, ఆ తర్వాత మెతుకు తీస్తారు. మీరు పైన తేలింది ఒకటి చూసి పొయ్యి ఆర్పేశారు."

ఫోన్ పెట్టేశారు. ఆదివారం సాయంత్రానికే ఆరు హాళ్లల్లో ఆటలు తగ్గించారనీ, ఆయన కట్టిన అడ్వాన్సు వెనక్కి రాలేదనీ తర్వాత తెలిసింది. నా వార్త వల్లే అలా జరిగిందని ఆయన అనలేదు. నేనూ అనను. ఆ సినిమా గొప్ప సినిమా అనీ అనను. కానీ ఆ '65 శాతం' హాళ్ల యజమానుల ఫోన్లలో చేతులు మారుతూ తిరిగిన మాట నిజం. ఇరవైమందిని అడిగానన్న మాట మాత్రం దానితోపాటు తిరగలేదు!

బొమ్మా? బొరుసా?

నాకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. ఆ పీరియడ్‌లో మేమెక్కడ ఉండేవాళ్లమో మా ఊరి సినిమా హాళ్ల గేట్‌కీపర్లను అడిగితే చెబుతారు. ఇన్నేళ్ల తర్వాత ఆ పాఠం చెప్పిన మాస్టారింటికి వెళ్లాను. ఆయన రిటైరయ్యారు. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని నా కథంతా విన్నారు.

"ఏరా, ఇప్పటికి వచ్చావా క్లాసుకి!" అంటూ జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నా చేతిలో పెట్టారు. "ఇదొక సినిమా అనుకో. బొమ్మ పడితే బాగుందన్నట్టు, బొరుసు పడితే బాగాలేదన్నట్టు. అంటే ఇది సరిగ్గా సగం మందికి నచ్చిన సినిమా. ఇరవైమందిని అడిగినట్టు ఇరవైసార్లు ఎగరెయ్యి."

ఎగరేశాను. తొమ్మిది బొమ్మలు, పదకొండు బొరుసులు. మళ్లీ ఎగరెయ్యమన్నారు. ఈసారి పన్నెండు బొమ్మలు. మూడో విడత లెక్క చూసి నేనే తెల్లబోయాను. ఏడు బొమ్మలు, పదమూడు బొరుసులు!

"అదుగో నీ 65 శాతం!" అని నవ్వారు మాస్టారు. "బిళ్ల మారలేదు. సినిమా మారలేదు. మరి ఆ పెదవి విరుపు ఎక్కణ్ణించి వచ్చిందిరా? అదృష్టం ఆడిన ఆట, అంతే."

ఆ తర్వాత ఆయన కాగితం మీద చూపించిన లెక్క ఇది. సరిగ్గా సగం మందికి నచ్చిన సినిమా గురించి ఇరవైమందిని అడిగితే, పదమూడు అంతకుమించి 'బాగాలేదు'లు రావడం ఏడెనిమిదిసార్లకు ఒకసారి జరుగుతుంది. వారానికి రెండు సినిమాలు లెక్కన నేను ఇలాంటి వార్తలు రాస్తూ పోతే, ఏ పాపమూ ఎరగని ఓ సినిమాకి నెలకోసారి నా చేతిలో మూడినట్టే! అదే రెండువందల మందిని అడిగితే 130 మంది బాగాలేదన్నారనుకోండి. శాతం అదే 65. కానీ సగం మందికి నచ్చిన సినిమాకి అలా జరగడం లక్షసార్లలో ఒకటి రెండుసార్లకు మించదు. అంకె ఒకటే, దాని బరువు వేరు.

నాలుగింతల చాకిరీ, సగం లాభం

"దీనికో చిట్కా చెబుతాను, రాసుకో" అన్నారు మాస్టారు. అడిగినవాళ్ల సంఖ్యకు వర్గమూలం తియ్యాలి. ఒకటిని దానితో భాగించాలి. వచ్చినదే మన శాతానికి అటూ ఇటూ ఉండగల పొరపాటు. ఎవరినీ ఏరకుండా, చీటీలు తీసినట్టు మనుషుల్ని ఎంచుకుంటే, నూటికి 95 సార్లు అసలు నిజం ఆ హద్దుల మధ్యనే ఉంటుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే గానీ మనలాంటివాళ్ల అవసరానికి చాలు.

వందమందిని అడిగితే పొరపాటు అటూ ఇటూ 10 శాతం. 400 మందిని అడిగితే 5. 1,600 మందిని అడిగితే రెండున్నర. ఒక్క శాతానికి దిగాలంటే పదివేలమందిని అడగాలి! చూశారా చోద్యం? పొరపాటు సగానికి తగ్గాలంటే చాకిరీ రెండింతలు కాదు, నాలుగింతలు కావాలి. మొదటి వందమంది చెప్పే కబురు ఎంతో విలువైనది. పదివేల తర్వాత వచ్చే వందమంది కొత్తగా చెప్పేది దాదాపు ఏమీ ఉండదు.

మరి నా ఇరవైమంది సంగతి? పొరపాటు అటూ ఇటూ 22 శాతం. అంటే నా 65 అన్నది నిజానికి 43కీ 87కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ సినిమా సగానికి పైగా జనానికి నచ్చి ఉండడానికి కూడా అవకాశం ఉందన్నమాట. నేను రాయవలసిన శీర్షిక: "సినిమా బాగుందో లేదో నాకు తెలియదు!" అలాంటి శీర్షిక ఏ పత్రిక వేస్తుంది చెప్పండి?

ఇక్కడో తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. సి.ఆర్. రావు గారు. 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి కలకత్తా చేరారు. చేతిలో ఉన్న సమాచారంతో ఒక అంచనాని ఎంత కచ్చితంగా కట్టవచ్చో, ఎంత తెలివిగా లెక్కవేసినా ఏ హద్దు దాటి వెళ్లలేమో 1945లో ఓ వ్యాసంలో తేల్చిచెప్పారు. ప్రపంచమంతా దాన్ని క్రామెర్-రావు హద్దు అంటుంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన చెప్పిన దాన్ని మన భాషలోకి దించితే ఇంతే: గిన్నెలో ఎంత ఉందో అంతే వడ్డించగలం. ఇరవైమంది మాటలోంచి రెండువేల మంది నిజాన్ని పిండలేం.

గుండిగ పెద్దదైతే గరిటె పెద్దదవ్వాలా?

అప్పుడు నాకో సందేహం వచ్చింది. పాఠకులకూ వచ్చే ఉంటుంది. కృష్ణా జిల్లాకు వెయ్యిమంది సరిపోతే, రెండు తెలుగు రాష్ట్రాలకు ఎన్ని వేలమంది కావాలి?

మాస్టారి జవాబు: ఆ వెయ్యిమందే చాలు!

నమ్మబుద్ధి కాలేదు. "పెళ్లిలో వంటాయన్ని చూశావా?" అన్నారు. "గుండిగెడు చారు కాచినా ఉప్పు చూడ్డానికి అరచేతిలో రెండు చుక్కలే వేసుకుంటాడు. ఇంట్లో గిన్నెడు చారు కాచినా మీ అమ్మ అవే రెండు చుక్కలు వేసుకుంటుంది. గుండిగ పెద్దదని ఎవడూ చెంబెడు చారు తాగి చూడడు. కావాల్సిందల్లా బాగా కలిపి ఉండటమే."

మన దేశంలో ఈ సంగతిని ఆచరణలో పెట్టి చూపించిన పెద్దమనిషి ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1937 నుంచి బెంగాల్లో జనపనార పంట అంచనాలకు దిగారు. రాష్ట్రంలోని ప్రతి పొలం గట్టూ తొక్కకుండా, అక్కడక్కడ ఎంచిన ముక్కలు మాత్రమే కొలిచి మొత్తం పంట లెక్క చెప్పే పద్ధతిని, చిన్నగా మొదలుపెట్టి ఏటేటా పెంచుకుంటూ పోయారు. 1950లో మొదలైన నేషనల్ శాంపుల్ సర్వే వెనక ఉన్నది ఆ అనుభవమే.

అయితే ఇక్కడే మన సినిమావాళ్లు పడే బోల్తా ఒకటుంది. మన వ్యాపారమంతా ఏరియాల మీద నడుస్తుంది కదా! నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు... మొత్తం ఎనిమిది. రెండు రాష్ట్రాల్లో కలిపి 800 మందిని అడిగారనుకోండి. మొత్తం మీద పొరపాటు అటూ ఇటూ మూడున్నర శాతం. బాగానే ఉంది. కానీ "సీడెడ్‌లో 58 శాతానికి నచ్చింది, నెల్లూరులో 49 శాతానికే నచ్చింది" అని పట్టిక వేసి పడేస్తారు. ఏరియాకు వందమంది లెక్కన అక్కడ పొరపాటు అటూ ఇటూ 10 శాతం. ఆ 58కీ ఈ 49కీ ఉన్న తేడా గాలివాటం కావచ్చు. కలిపి చూసినప్పుడు గట్టిగా ఉన్న అంకె, ముక్కలు చేసేసరికి పిండి పిండి అయిపోతుంది. డబ్బు పెట్టి కొనే డిస్ట్రిబ్యూటరు చూసేది మాత్రం తన ముక్కనే!

23 లక్షల ఓట్లు... అయినా బోర్లా!

"సరే మాస్టారూ, ఇకనుంచి వేలమందిని అడుగుతాను. బెనిఫిట్ షో దగ్గర నిలబడితే ఒక్క పూటలో రెండువేలమంది దొరుకుతారు" అన్నాను ఉత్సాహంగా.

మాస్టారు తల పట్టుకున్నారు. "కటౌట్‌కి పాలు పోసి లోపలికెళ్లినవాణ్ణి బయటికొచ్చాక సినిమా ఎలా ఉందని అడుగుతావట్రా? రెండువేలు కాదు, రెండు లక్షలమందిని అడుగు. అదే తప్పు జవాబు ఇంకా గట్టిగా వస్తుంది."

దీనికి అమెరికాలో జరిగిన కథ ఒకటుంది. 'లిటరరీ డైజెస్ట్' అని ఓ పేరున్న వారపత్రిక. 1916 నుంచి 1932 దాకా అయిదు అధ్యక్ష ఎన్నికల విజేతల్ని ముందే సరిగ్గా చెప్పిన పత్రిక అది. 1936లో దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. మన చిట్కా ప్రకారం చూస్తే పొరపాటు ఒక శాతంలో పదిహేనో వంతు కూడా ఉండకూడదు. లాండన్‌కి 57 శాతం, రూజ్‌వెల్ట్‌కి 43 శాతం అని ప్రకటించారు. పెట్టెలు తెరిచేసరికి రూజ్‌వెల్ట్‌కి దాదాపు 61 శాతం! 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే.

ఎందుకలా? కార్డులు ఎక్కువగా పంపింది టెలిఫోన్ డైరెక్టరీల్లో, కార్ల రిజిస్టర్లలో ఉన్న పేర్లకు. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది ఎవరికి? కలిగినవాళ్లకి. పైగా కార్డు అందినవాళ్లలో కూడా కసిగా ఉన్నవాళ్లే పనిగట్టుకుని తిప్పి పంపారు. సుమారు 50 వేలమందితోనే రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పిన జార్జ్ గాలప్ రాత్రికి రాత్రి మొనగాడైపోయాడు. డైజెస్ట్ 1938లో మూతపడింది.

సినీప్రియులకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఆ గాలప్ ఆ తర్వాత హాలీవుడ్‌లో అడుగుపెట్టాడు! 1940లో ఆర్కేఓ స్టూడియోకి సర్వేలు మొదలుపెట్టాడు. ఈ కథ నచ్చుతుందా, ఈ పేరు బాగుందా, ఈ తారకు ఎంత గిరాకీ ఉంది... షూటింగు మొదలవకముందే జనాన్ని అడిగేవారు. తర్వాత ప్రకటనల ప్రపంచంలో చక్రవర్తి అనిపించుకున్న డేవిడ్ ఓగిల్వీ ఆ రోజుల్లో గాలప్ దగ్గర పనిచేసి, హాలీవుడ్ కోసం ఆ సర్వేలు చేసినవాడే. అంతటి గాలప్ కూడా 1948లో ట్రూమన్ ఓడిపోతాడని చెప్పి అభాసుపాలయ్యాడు. అంత దూరం ఎందుకు? మన 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకి 350 దాటుతాయన్నాయి. వచ్చినవి 293. లక్షలమందిని అడిగినవాళ్లు కూడా తప్పారు.

తక్కువమందిని అడిగితే వచ్చే పొరపాటు అదృష్టం చేసేది. ఎక్కువమందిని అడిగితే అది తగ్గుతుంది. ఒకే రకం మనుషుల్ని అడిగితే వచ్చే పొరపాటు మనం చేసేది. ఎంతమందిని అడిగినా అది తగ్గదు!

మూడిళ్ల రిమోటు

వెండితెర అయింది, బుల్లితెరకు వద్దాం. "మా ఇంట్లో ఏ మీటరూ లేదు, మా వీధిలో ఎవరింట్లోనూ లేదు, మరి టీఆర్‌పీ ఎక్కణ్ణించి వస్తుంది?" అని అడగని మహిళా ప్రేక్షకులు ఉండరు. 2015 నుంచి ఈ లెక్కలు ఇస్తున్నది బార్క్ సంస్థ. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ చెప్పిన ప్రకారం అప్పటికి మీటర్లున్న ఇళ్లు 44 వేలు. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు చూస్తే 20 కోట్ల చిల్లర! సుమారు నాలుగున్నర వేల ఇళ్లకు ఒక మీటరు. గుండిగలో రెండు చుక్కలన్నమాట. పెద్ద పెద్ద సీరియళ్ల లెక్కకు అది చాలు. చిక్కంతా చిన్న కార్యక్రమాలకే.

ఎలాగో చూడండి. మాట వరసకి ఒక చోట వెయ్యి ఇళ్లల్లో మీటర్లున్నాయనుకుందాం. ఓ సీరియల్‌ని 200 ఇళ్లు చూస్తున్నాయి, అంటే 20 శాతం. పొరపాటు అటూ ఇటూ రెండున్నర. 20 అన్నది 18 అయినా, 22 అయినా కొంపలేం మునగవు. ఇక ఓ చిన్న ఛానల్ కార్యక్రమాన్ని పదిళ్లు చూస్తున్నాయి. 1 శాతం. ఇంత చిన్న శాతాలకు మన చిట్కా పనికిరాదు, అసలు సూత్రం కట్టాలి. కడితే పొరపాటు అటూ ఇటూ 0.6. అంటే నిజం 0.4 కావచ్చు, 1.6 కావచ్చు. వచ్చేవారం అది 1.3 అయిందనుకోండి. "మా రేటింగు ఒక్క వారంలో 30 శాతం పెరిగింది" అని ఛానల్‌వారు పండగ చేసుకుంటారు. జరిగింది ఏమిటి? మూడిళ్లల్లో ఎవరో రిమోట్ నొక్కారు! మరోవారం ఆ మూడిళ్లవాళ్లు తిరుపతి వెళితే ఓ యాంకరమ్మ ఉద్యోగం ఊడుతుంది.

అంకె ఎంత చిన్నదైతే మోసానికి అంత తేలిక కూడా. కొన్ని ఛానళ్లు పెట్టమని మీటర్ల ఇళ్లవారికి డబ్బిచ్చారని 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు ఆరోపించారు. 2024లో ఆ కేసు ఉపసంహరణకు కోర్టు అనుమతించింది గానీ, ఆరోపణ వచ్చిన నెలలోనే వార్తా ఛానళ్ల రేటింగులు ఆగిపోయాయి. 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఏ వారానికావారం కాకుండా నాలుగు వారాల సగటు ఇచ్చే పద్ధతి పెట్టారు. అవే ఇళ్లు కాబట్టి నాలుగింతల బలం రాదు. కానీ తిరుపతి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఆగినట్టు అవుతుంది. మీటర్లను 60 వేలకీ, ఆ పైన లక్షకీ పెంచాలని ట్రాయ్ సిఫారసు చేసింది కూడా ఈ కారణం చేతే.

ఇంటర్నెట్‌లో నక్షత్రాల గోల కూడా ఇదే కోవలోది. నలభైమంది వేసిన 9.8 గొప్పదా, అరవైవేలమంది వేసిన 8.4 గొప్పదా? ఆ నలభైమంది నిర్మాతగారి బంధువర్గమే కావచ్చు! అందుకే ఐఎండీబీ తన ఉత్తమ 250 చిత్రాల పట్టికలోకి కనీసం 25,000 ఓట్లుంటే గానీ ఏ చిత్రాన్నీ రానివ్వదు. ఆ పైన ఓట్లు తక్కువ ఉన్నదాన్ని మామూలు సగటు వైపు కాస్త కిందికి లాగి మరీ కూర్చోబెడుతుంది. "నీ మాట నమ్ముతాను, కానీ నీ వెనక ఎంతమంది ఉన్నారో అంతే నమ్ముతాను" అన్న పెద్దమనిషి తరహా.

మళ్లీ గేటు దగ్గరికి

పాపపరిహారంగా మరో సినిమాకి బుద్ధిగా సర్వే చేశాను. బెజవాడలో రెండు హాళ్లు, ఓ మల్టీప్లెక్సు, గుడివాడలో ఒకటి, నూజివీడులో ఒకటి. శుక్రవారం ఫ్యాన్స్ హడావుడి తగ్గేదాకా ఆగి, శనివారం నుంచి బుధవారం దాకా తిరిగాను. మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో మూడూ పట్టాను. నాకు నచ్చిన మొహాల్ని కాకుండా, గేటు దాటిన ప్రతి పదో మనిషినీ అడిగాను. ఆటో దొరకదని పరుగెత్తే ఇల్లాలి వెనకే పరుగెత్తాను. జవాబు చెప్పనివాళ్లు 90 మందిదాకా తేలారు. ఈసారి వాళ్లని 'బాగాలేదు' పద్దులో కలపలేదు, విడిగా రాసిపెట్టుకున్నాను. మొత్తం 400 జవాబులు. 212 మంది బాగుందన్నారు. 53 శాతం.

గర్వంగా మాస్టారికి చూపించాను. "53కి అటూ ఇటూ 5. అంటే 48 నుంచి 58 దాకా. నిజానికి ఇంకాస్త ఎక్కువే అనుకో" అన్నారు.

"ఎక్కువెందుకు మాస్టారూ?"

"అయిదు హాళ్లేగా నువ్వు తిరిగింది! ఒక హాలు జనం ఒక తీరుగా ఉంటారు. పైగా ఒకే ఆటోలో వచ్చిన అయిదుగురు స్నేహితులు అయిదు మెతుకులు కాదురా, ఒక ముద్ద."

సంపాదకులకు ఫోన్ చేశాను. "ఇంతకీ హిట్టా? ఫట్టా?" అన్నారాయన.

"చెప్పలేమండీ. జనం రెండుగా చీలినట్టున్నారు. గట్టిగా చెప్పాలంటే ఇంకో పన్నెండువందల మందిని అడగాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇంకో పదిహేను రోజులండీ."

"ఈలోగా సినిమా హాళ్లలోంచి లేచిపోతుందయ్యా! ఓటీటీలో చూసి జనమే చెబుతారు" అని ఫోన్ పెట్టేశారు. అయినా ఆ వార్త వేశారు. "400 మందిలో 212 మందికి నచ్చింది" అని... శాతం లేకుండా, ఆశ్చర్యార్థకం లేకుండా, లోపలి పేజీలో ఓ మూల.

పత్రికలో గానీ, టీవీలో గానీ, ఫోన్‌లో గానీ ఏదైనా శాతం కనిపిస్తే ఇప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఎంతమందిని అడిగారు? ఎవరిని అడిగారు? అడిగినా చెప్పనివాళ్లెంతమంది? ఈ మూడింటికీ జవాబు లేని శాతం ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా, అది పైన తేలిన మెతుకే. వందమంది కూడా లేనిచోట శాతం రాయకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పదముగ్గురంటే పదముగ్గురనే రాస్తాను. అప్పుడు చదివేవాళ్లకే తెలుస్తుంది, దాన్ని ఎంత నమ్మాలో.

మొన్న గాంధీనగర్‌లో ఆ పెద్దాయన ఎదురుపడ్డారు. తప్పుకుపోదామనుకున్నాను గానీ ఆయనే పిలిచి టీ ఇప్పించారు. కొత్త సినిమా ఒకటి కొన్నారట, వచ్చే శుక్రవారం విడుదలట. క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"అదంతా అయిపోయింది బాబూ. ఈ బొమ్మకి కూడా వస్తారా గేటు దగ్గరికి?"

"వస్తానండీ."

"రండి. కాకపోతే శుక్రవారం మ్యాట్నీకి కాదు, ఆదివారం రండి" అన్నారు టీ గ్లాసు కింద పెడుతూ. "అప్పటికి గిన్నె కాస్త కలిసి ఉంటుంది."